కడాపటి బండి

బండి తోలేవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఎక్కడికి పోదామన్నది తరవాతి మాట. ఎవరు ఎక్కడ పడ్డారన్నదే మొదటి మాట. పెళ్ళిలో తిన్న భోజనం గురించి చెప్పుకున్నట్టు తగిలిన దెబ్బల గురించి చెప్పుకుంటారు. ఆ ఆదివారం ఇంకా చీకటుండగానే కె.ఆర్. పురం దాటాక ఉన్న పెట్రోల్ బంకులో జరుగుతున్నదీ అదే. డిసెంబరు చలి. నోరు తెరిస్తే పొగ. పదిమంది దాకా ఉన్నారు. అందరివీ నల్ల జాకెట్లే, నల్ల హెల్మెట్లే. పక్కనున్నది ఎవరో గొంతు విని పోల్చుకోవాల్సిందే.

"ఘాట్‌లో టర్నింగ్ తిప్పానా, రోడ్డంతా ఇసుక గురూ! ఫ్రంట్ వీల్ స్లిప్. బండి ఒకవైపు, నేనొకవైపు. కళ్ళు తెరిస్తే నా నెత్తి పక్కనే బస్సు టైరు" అన్నాడు భరత్. ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం, విజయవాడ మనిషి, ఈ గుంపుకి పెద్ద. పల్లవి తనకు అడ్డమొచ్చిన కుక్క కథ చెప్పింది. చెప్పినప్పుడల్లా ఆ కుక్క కొంచెం పెరుగుతుంది. ఈసారి దూడంత అయింది.

నవ్యది గుమ్మడికాయ కథ. ఆయుధపూజ నాడు ఊళ్ళో ప్రతి బండికీ గుమ్మడికాయతో దిష్టి తీసి నడిరోడ్డు మీదే పగలగొడతారు గదా, ఆ గుజ్జు మీద ఆమె బండి జారి మోచెయ్యి విరిగింది. "దిష్టి వాళ్ళది, దెబ్బ నాది" అని ఆమె మోచెయ్యి మడిచి చూపిస్తే అందరూ నవ్వారు. నవ్వనివాడు ఒక్కడే, ఆమె తమ్ముడు లలిత్. వాడికి గుంపుతో బండి మీద పోవడం ఇదే మొదలు.

వాణ్ణి బయటికి తేవడానికి నవ్య నెల రోజులు అమ్మ కాళ్ళావేళ్ళా పడింది. బళేపేటలో తాళ్ళు, మేకులు, గొళ్ళేలు అమ్మే అంగడి పైన వాళ్ళ ఇల్లు. తాతల కాలం నుంచీ అక్కడే. అమ్మ కమలమ్మ ససేమిరా అంది. చివరికి ఒప్పుకున్నది ఒక్క షరతు మీద. ధనుర్మాసం పూజకని ముందే లేచి, స్నానం చేసి, దీపం ముందర నవ్య చేత ప్రమాణం చేయించుకుంది.

"వాణ్ణి నీ ముందర పెట్టుకొని పో. నీ ముందర పెట్టుకొని పిలుచుకొని రా. నీ వెనకాల మాత్రం వేసుకోవద్దు. నా కండ్ల ముందర నిలబెట్టినాకనే నీకు కాఫీ."

"సరే మా. నేను ఎట్లాగూ కడాపటే గదా వచ్చేది" అంది నవ్య.

అది నిజమే. గుంపుగా పోయేవాళ్ళకి ఒక కట్టుబాటుంది. ముందు పోయేవాణ్ణి లీడ్ అంటారు, కడాపట వచ్చేవాణ్ణి స్వీప్ అంటారు. స్వీప్ ఎవరినీ దాటిపోకూడదు. ఎవరైనా ఆగితే వాళ్ళ వెనకే ఆగాలి. వాళ్ళు కదిలితేనే కదలాలి. తన వెనక మన మనిషన్నవాడు ఒక్కడు కూడా మిగలకూడదు. ముందున్నవాడు భయపడితే స్వీప్ రెండుసార్లు డిప్పర్ కొడుతుంది, అంటే హెడ్‌లైటు పెంచి తగ్గిస్తుంది. నీ వెనక నేనున్నాను, నువ్వు పో అని దానికి అర్థం. ఈ గుంపుకి స్వీప్ నవ్య. రెండేళ్ళుగా ఆమె వెనక ఎవరూ మిగిలిపోయింది లేదు.

కమలమ్మ కొడుకు బండి హ్యాండిల్‌కి నల్లదారంతో నిమ్మకాయ కట్టింది. వాడు సిగ్గుపడి దాన్ని అద్దం వెనకకి తోసుకున్నాడు.

బయలుదేరేముందు ఎప్పటిలాగే హార్న్ లెక్క. లీడ్ ఒకసారి కొడతాడు, తరవాతివాడు ఒకసారి, అట్లా వరసగా వెనకదాకా వచ్చి, స్వీప్ రెండుసార్లు కొడితే అందరూ ఉన్నట్టు. లలిత్ పీమని ఒకసారి కొట్టాడు. నవ్య రెండుసార్లు కొట్టింది.

ఆమె వెనక, మంచులో, ఇంకెవరో రెండుసార్లు కొట్టారు.

అందరూ వెనక్కి తిరిగారు. బంకు గోడ, దాని వెనక తెల్లటి మంచు. "ఎకో గైస్, ఎకో! పదండి, లేటయితే కోలారు కొండ మీద సన్‌రైజ్ మిస్ అవుతాం" అన్నాడు భరత్. సరే, గోడకి తగిలి వచ్చిన శబ్దమే అయుంటుంది. నవ్య కూడా అట్లాగే అనుకుంది.

హొసకోటె దాటాక మంచు ముంచుకొచ్చింది. ఆ దారిలో మంచు కొత్త కాదు గానీ ఈ మంచు వేరు. లైటు వేస్తే వెలుగు ముందుకు పోక మన మొహం మీదకే తిరిగి వస్తోంది. ఎడమ పక్క ఇనపకంచె, కుడిపక్క ఎప్పుడు ఎక్కడినుంచి వస్తుందో తెలియని లారీ. హెల్మెట్ లోపల తన ఊపిరి తనకే వినిపిస్తోంది నవ్యకి. కళ్ళ ముందు కనిపిస్తున్నది ఒక్కటే, తమ్ముడి బండి వెనకలైటు. వాడికి బ్రేకు మీద నుంచి కాలు తీసే ధైర్యం లేదు. ఆ ఎర్రలైటు ఊరికే మినుకు మినుకుమంటోంది. క్లచ్చు వదిలినప్పుడల్లా బండి కుప్పిగంతు వేస్తోంది.

"బ్రేకు మీద పడుకున్నావేమిరా?" అంది, ఒకరి మాట ఒకరికి వినపడేలా హెల్మెట్లలో పెట్టుకున్న హెడ్‌సెట్‌లో.

"ఏమీ కనపడ్డంలే అక్కా."

"నేనుండా గదా. పో."

రెండుసార్లు డిప్పర్ కొట్టింది. అప్పుడే ఆమె అద్దంలో కూడా వెలుగు రెండుసార్లు మెరిసింది.

వెనక ఎవరో ఉన్నారు. పసుప్పచ్చటి ఒంటిలైటు, పాతకాలం బండి లైటు లాంటిది. ఆమె నెమ్మదిస్తే అదీ నెమ్మదించింది. తొందరపడితే తొందరపడింది. దగ్గరికి రాదు, దూరం పోదు.

"భరత్, నువ్వేమైనా వెనక్కి వచ్చినావా?"

"నేను ఫ్రంట్‌లోనే ఉన్నా. ఏమైంది?"

"ఏం లే" అంది నవ్య. చెబితే రేపటినుంచి తన కథ కూడా పల్లవి కుక్కలాగా పెరుగుతుందని ఊరుకుంది.

టీ అంగడి దగ్గర ఆగారు. రేకుల కప్పు, కట్టెపొయ్యి, పొగలో ఒక బల్బు. అంగడి ఆమె పేరు సుంకమ్మ, ఆ దారిన పోయే బండ్లవాళ్ళందరికీ తెలుసు. లలిత్ హెల్మెట్ తీసి రెండు చేతులతో గ్లాసు పట్టుకుని ఊదుకుంటూ తాగాడు. ముక్కు ఎర్రబడింది. భయం తగ్గి కొంచెం గొప్ప కూడా వచ్చింది మొహంలోకి. వాణ్ణి చూస్తే నవ్యకి ముచ్చటేసింది.

సుంకమ్మ గ్లాసులు లెక్కపెట్టి ఒకటి పక్కన పెట్టింది. "మీ కడాపటాయనకి టీ వద్దేమోలేమ్మా. ఎప్పుడూ తాగడు."

"కడాపట నేనే గదా" అంది నవ్య.

"నువ్వు కాదులే. నీ వెనకాల ఒగాయప్ప ఉండాడు గదా. హెల్మెట్టు తీయడు, టీ తాగడు. ఆ పక్కన లైటు ఆర్పుకొని నిలబడుకొని ఉంటాడు."

నవ్య అటు చూసింది. మంచు తప్ప ఏమీ లేదు. "ఏ గుంపు ఆయన?"

"ఏ గుంపొచ్చినా ఉంటాడమ్మా. మీరు పొయ్యేటప్పుడు ఒకరు ఎక్కువుంటారు. వచ్చేటప్పుడు లెక్క సరిపోయుంటాది."

మాట మామూలుగానే అంది, చక్కెర ధర చెప్పినట్టు. నవ్య ఇంకొంచెం దగ్గరికి జరిగింది. గొంతు తగ్గించి అడిగింది. "ఆయన తిరుక్కొని పోతాడా? లేకుంటే మావాళ్ళలో ఎవరన్నా తగ్గుతారా?"

"నేను గ్లాసులు లెక్కపెట్టుకొనేదాన్ని తల్లీ. మొహాలు చూస్తానా?" అని సుంకమ్మ పొయ్యి వైపు తిరిగింది.

లలిత్ వచ్చి నసిగాడు. "అక్కా, హెడ్‌సెట్టు చచ్చిపోయింది. రాత్రి చార్జికి పెట్టడం మరిచిపోయినా."

"తిండి మరిచిపోతావేమిరా ఎప్పుడన్నా?" అని కసిరింది. "సరే, విను. ఏదన్నా అయితే మూడుసార్లు డిప్పర్ కొట్టు. మంచు మీద వెలుగు పడితే నాకు తెలుస్తాది. రెండు కొడితే నేను, మూడు కొడితే నువ్వు. అర్థమైందా? నేను ఉండేది నీకోసమే. నిన్ను వదిలిపెట్టి ఒక్క అడుగు ముందుకు పోను."

"మూడు" అన్నాడు వాడు, మూడు వేళ్ళు చూపించి.

మళ్ళీ దారిన పడ్డారు. తెల్లారాల్సిన వేళే గానీ ఆ మంచుకి తెల్లారడమేంటో తెలిసినట్టు లేదు. చీకటి నలుపు పోయి బూడిదరంగు వచ్చింది, అంతే. ఎడమవైపు ఇనపకంచె పోయి నీలగిరి తోపు మొదలైంది. తడిసిన ఆకుల ఘాటు హెల్మెట్ లోపలికి వచ్చింది. వెనక లైటు లేదు. హమ్మయ్య అనుకుంది.

అంతలో ముందు మంచు మీద తళుక్కుమని వెలుగు. ఒకటి, రెండు, మూడు. లలిత్ పక్కకి తీసి ఆపాడు.

"ఏమిరా?"

వాడు హెల్మెట్ అద్దం ఎత్తి చిటికెనవేలు చూపించాడు. నవ్య పకపకా నవ్వింది. మిగిలినవాళ్ళకి హెడ్‌సెట్‌లో చెప్పింది, మీరు పోతా ఉండండి, వస్తామని. వాళ్ళ మాటలు దూరమై, గరగరమని, ఆగిపోయాయి.

"హెల్మెట్టన్నా తీసి పోరా!"

"చెవులు గడ్డకట్టుకుంటాయి అక్కా!" అంటూ వాడు తోపులోకి దిగాడు. నాలుగడుగులకే మంచు వాణ్ణి మింగేసింది.

నవ్య ఇంజను ఆపింది. ఆపకుండా ఉండాల్సింది. నిశ్శబ్దం మీదపడింది. వేడి ఇంజను టిక్కుటిక్కుమంటోంది. ఆకుల మీద నుంచి చుక్కలు పడుతున్నాయి. ఒక లారీ లేదు, ఒక కాకి లేదు.

అద్దంలో పసుప్పచ్చ లైటు.

దూరంగా, ఆగి ఉంది. స్వీప్ చేయాల్సినట్టే చేస్తోంది. ముందువాళ్ళు ఆగితే తానూ ఆగింది. నవ్య కళ్ళార్పకుండా దాన్నే చూసింది. చూస్తుండగానే లైటు ఆరిపోయింది. బండి స్టాండు వేసిన శబ్దం... టక్. తరవాత అడుగులు. రోడ్డు మీద కావు, ఆకుల మీద. తోపులోకి.

"లలిత్!" అని పిలిచింది. "ఒరే... అయిందా? రా!"

గాలి లేకపోయినా ఒక వాసన వచ్చింది. వానకి తడిసి మూలన పడి మగ్గిన తోలు వాసన, కాలిన నూనె వాసన. ఆమె బండి దిగబోయింది.

అడుగుల చప్పుడు మళ్ళీ. మంచులోంచి హెల్మెట్, జాకెట్, తరవాత మనిషి. అద్దం కిందకి దించుకుని ఉన్నాడు. తిన్నగా లలిత్ బండి దగ్గరికి వచ్చి ఎక్కి కూర్చున్నాడు.

"చచ్చిపోయినాను గదరా నీకోసం! పిలిస్తే పలకవేం?"

వాడు చెవి దగ్గర వేలితో తట్టి చెయ్యి ఊపాడు. హెడ్‌సెట్ పని చేయడం లేదన్నట్టు. బటన్ నొక్కాడు. బండి ఒక్క నొక్కుకే లేచింది. సాఫీగా ముందుకు పోయింది.

నవ్య వెనకే పోయింది. పీకల మీదికి వచ్చింది తప్పిపోయినట్టు ఊపిరి పీల్చుకుంది. కొంతదూరం పోయాక గమనించింది, ముందు ఎర్రలైటు మినుకుమనడం లేదు. నిలకడగా, ఒక చుక్క పెట్టినట్టు ఉంది. క్లచ్చుకి కుప్పిగంతులు లేవు. మలుపులో బండి వాలిన తీరు చూస్తే ముచ్చటేస్తోంది. వీడు అప్పుడే నేర్చుకున్నాడే, అక్కని మించిపోయేలా ఉన్నాడే అని ఆ భయంలోనూ మురిసిపోయింది పిచ్చిది.

అప్పుడు వెనకనుంచి వచ్చింది లైటు.

ఈసారి అదివరకటిలా దూరంగా లేదు. మీదమీదకి వస్తోంది. ఊగుతూ, తడబడుతూ, రోడ్డంతా తనదైనట్టు వస్తోంది. డిప్పర్ కొట్టింది. ఒకటి, రెండు... మూడు.

నవ్య మళ్ళీ అద్దంలోకి చూసింది. మూడు? అది తన తమ్ముడికి చెప్పిన గుర్తు. టీ అంగడి దగ్గర, చెవిలో చెప్పినట్టు చెప్పింది. ఇది అప్పుడు పక్కనే నిలబడి విన్నదా? వాడిలాగా పిలిచి తనని ఆపాలని చూస్తోందా?

మళ్ళీ మూడు. మళ్ళీ మూడు. ఇప్పుడు హార్న్ కూడా. పీమని ఆపకుండా, ఏడ్చినట్టు.

ఇక చూడండి ఆమె అవస్థ. ఆగిందా, అది వచ్చి పట్టుకుంటుంది. తమ్ముణ్ణి దాటి ముందుకు పోయిందా, వాడు కడాపటివాడవుతాడు. దానికి కావలసింది కడాపటివాడే గదా! ఎడమన పల్లం, కుడిన లారీల దారి. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదే. హెల్మెట్ లోపల ఊపిరికి అద్దం మసకబారింది. అద్దం ఎత్తితే ఆ తోలు వాసన లోపలికి వస్తుందేమోనని ఎత్తలేదు. మసకలోనే, ఎర్రచుక్కనే చూస్తూ, "పోరా, పోరా నాయనా, తొందరగా పో" అని గొణుక్కుంది. ముందువాడికి వినపడదని తెలుసు. అయినా వాడు వేగం పెంచాడు.

వెనక లైటు కుడివైపుకి వచ్చింది. దాటబోతోంది. దాటితే తమ్ముడి పక్కకి పోతుంది.

"నా తమ్ముడి జోలికి పోతావా!" అని అరిచింది నవ్య. హ్యాండిల్ కుడికి కోసి దానికి అడ్డం వచ్చింది.

ఒక్క క్షణం. మంచులోంచి లారీ మొహం, గోడ లేచొచ్చినట్టు. గాలి హార్న్. ఆమె మోకాలికి జానెడు దూరంలో చక్రం... గాలి తోపుకి బండి అటూ ఇటూ కొట్టుకుని, పడబోయి, నిలదొక్కుకుంది. వెనకనుంచి బ్రేకు కీచుమన్నది, ఇనుము రోడ్డును గీకిన శబ్దం. అద్దంలో ఆ లైటు ఒకసారి ఆకాశం వైపు చూసింది, ఒకసారి నేలవైపు చూసింది. గిరగిరా తిరిగి పల్లంలోకి పోయి ఆరిపోయింది.

లారీ ఆగలేదు. నవ్యా ఆగలేదు. నవ్వొచ్చింది ఆమెకి. పీడ విరగడైంది అనుకుంది. అమ్మకిచ్చిన మాట నిలబెట్టుకున్నాననుకుంది.

ముందు పోతున్నవాడు చెయ్యెత్తి, వంతెన కింద తిరుగుదామని సైగ చేశాడు. ఇంటివైపు. ఆమె చెప్పకుండానే. కొండా వద్దు, సూర్యోదయమూ వద్దు, సరే పద అనుకుని వెంటపోయింది.

అవతలి దారిలో మంచు పలచబడింది. సుంకమ్మ అంగడి ఎదురుగా వచ్చినప్పుడు ఆమె రోడ్డు అంచుదాకా వచ్చి నిలబడి ఉంది. చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని ముందు బండి మీదివాణ్ణి చూసింది. వాడు పోయేదాకా చూసింది. తరవాత నవ్య వైపు ఏదో చెప్పబోయి, చెప్పకుండా లోపలికి పోయి రేకు తలుపు లాక్కుంది.

హొసకోటె దగ్గర ఎండ. కె.ఆర్. పురం దగ్గర ఎప్పటి రద్దీ, ఎప్పటి తిట్లు. ఆ పొగలో, ఆ తోపులాటలో నవ్యకి ప్రాణం లేచివచ్చింది. సిగ్నల్ దగ్గర భరత్‌కి ఫోన్ చేసి ఇంటికి పోతున్నామని చెప్పింది. ముందు బండి హ్యాండిల్‌కి నిమ్మకాయ ఊగుతూనే ఉంది. అమ్మ కట్టింది ఊరికే పోలేదు అనుకుంది.

బళేపేట సందులో అంగడి ముందర బండ్లు ఆపారు. కమలమ్మ మేడమెట్ల మీదే కూర్చుని ఉంది. కొడుకుని చూసి మొహం చేటంత చేసుకుంది.

"ముందర పెట్టుకొని పిలుచుకొచ్చినావు. నా తల్లే!" అని నవ్య బుగ్గ నిమిరింది. "రా, రారా అప్పా, లోపలికి రా. ఉప్పూ మిరపకాయలూ తీసి పెట్టుకొనుండా."

వాడు మెట్లెక్కి పోయి హాల్లో కుర్చీలో కూర్చున్నాడు. నవ్య తన హెల్మెట్ కిటికీ గూట్లో పెట్టి, బూట్ల తాళ్ళు విప్పుకుంటోంది. కమలమ్మ రెండు లోటాల్లో పొగలు కక్కే కాఫీ తెచ్చింది.

"ముందు ఆ హెల్మెట్టు తీయప్పా. తలకాయ ఉడికిపోతుంది."

వాడు తీయలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

నవ్య చేతుల్లో తాళ్ళు ఆగిపోయాయి. హెల్మెట్టు తీయడు...

గూట్లో గరగరమంది. తన హెల్మెట్ లోపల హెడ్‌సెట్ దీపం నీలంగా వెలుగుతోంది. దాని రేంజి కిలోమీటరు దాటదు. గుంపంతా కోలారులో ఉంది.

"అక్కా..."

నవ్య గూటివైపు తిరిగింది. ఆ గొంతు ఆమెకి పుట్టినప్పటినుంచీ తెలుసు.

"అక్కా, యాడుండావు? తోపులోంచి వచ్చేసరికి నువ్వు లేవు. నా బండీ లేదు. వెనకాల ఇంకోటి ఉండె, పాతది, తాళం దానికే ఉండె. దాన్నే తోలుకొని నీకోసం వచ్చినా. మూడుసార్లు కొట్టినా గదా అక్కా. ఎన్నిసార్లు కొట్టినా. నువ్వు చూసినావు గూడా... ఎందుకు అడ్డమొచ్చినావు?"

నవ్య హెల్మెట్‌ని రెండు చేతులా తీసుకుని గుండెకి అదుముకుంది. "ఒరే..." అని గొణిగింది. "ఎక్కడున్నావురా? దెబ్బ తగిలిందా?"

"దెబ్బేం లే అక్కా. నొప్పి గూడా లే. మంచే, ఎంతకీ పోవడంలే. ఎవరో గుంపు వస్తా ఉండారు... మనవాళ్ళు కాదు. హార్న్ లెక్క పెడతా ఉండారు."

హెల్మెట్ లోపల, ఎక్కడో చాలా దూరాన, ఒక హార్న్. ఇంకొకటి. ఇంకొకటి. ఒక్కొక్కటే దగ్గరగా వస్తోంది.

"నా వంతు వస్తా ఉండాది. కడాపట నేనే. కొట్టాలేమో అక్కా. కొట్టనా?"

"వద్దురా! కొట్టొద్దు, నేనొస్తా, అక్కడే ఉండు, నేను వచ్చేదాకా కొట్టొ..."

పీ. పీ.

నీలందీపం ఆరిపోయింది.

వెనకనుంచి టక్‌మని శబ్దం, గడ్డం కింద బకల్ విప్పిన శబ్దం. అమ్మ గొంతు వినపడింది. "ఉండప్పా, నేను తీస్తా. చిన్నపిల్లోడి మాదిరి..." తరవాత గొంతులో బెంగ. "అయ్యో, ఇట్లా చల్లబడిపోయినావేమిరా!"

నవ్య తిరగలేదు. చివరికి తిరిగింది.

కమలమ్మ కొంగుతో కొడుకు మొహం తుడుస్తోంది. లలిత్ మొహమే. ముక్కు, గడ్డం మీద చిన్నప్పటి గాటు, అన్నీ వాడివే. వాడు లోటా అందుకున్నాడు. ఊదలేదు. పొగలు కక్కుతున్న కాఫీని ఒక్క గుక్కలో గొంతులో పోసుకున్నాడు. ఖాళీ లోటాని రెండు చేతులతో పట్టుకుని అట్లాగే కాసేపు చూశాడు.

"ఎన్నాళ్ళయిందమ్మా కాఫీ తాగి" అన్నాడు.

కమలమ్మ నవ్వింది. "ఏం మాటరా అది! తెల్లారుజామున తాగే గదా పోయినావు?"

వాడు అమ్మ భుజం మీదుగా నవ్య వైపు చూశాడు. తొందర లేకుండా, కళ్ళు రెండుసార్లు మూసి తెరిచాడు.